ఆయిల్ మూత కింద మీగడ

పాడేరు నుంచి ఒక టీచర్‌గారు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులో సగం కారు గురించి, సగం మావయ్యగారి గురించి. రెండూ ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉన్నాయి కాబట్టి రెండింటినీ కుదించి ఇస్తున్నాను.

కారు 2012 మోడల్, చిన్న పెట్రోల్ బండి. కొన్నది మావయ్యగారు. ఇల్లు అనకాపల్లి, ఉద్యోగం విశాఖ. రిటైరయ్యేదాకా రోజూ పోనూ రానూ దానిమీదే తిరిగారు. ఆయిల్ ఎప్పుడు మార్చిందీ, టైర్లు ఎప్పుడు వేయించిందీ తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకునే మనిషి. ఈ వేసవిలో కంటి ఆపరేషన్ అయ్యాక డ్రైవింగ్ మానేశారు. కోడలికి పాడేరు బదిలీ కావడంతో జూన్‌లో తాళాలు ఆమె చేతిలో పెట్టారు.

ఈమె ఉండే ఇంటికీ బడికీ మధ్య 2 కిలోమీటర్లు కూడా లేదు. నాలుగేళ్ళ పాపకు చలిగాలి తగిలితే పిల్లికూతలు, అందుకని మంచులో స్కూటీ మీద తీసుకెళ్ళలేరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, శుక్రవారం సంతకి. కారు తిరిగేది అంతే. భర్త హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకోసారి వస్తారు.

డిసెంబరు మొదటివారంలో ఇంజిన్ ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల పసుపు కలిపిన మీగడలాంటిది పట్టి ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున ఆయిల్ నానింది. ఇంజిన్ లోపలికి గాలి తిరిగే బ్రీదర్ పైపు ఊడదీస్తే పసుపురంగు నీళ్ళు కారాయి. అక్కడి మెకానిక్ చూసి "హెడ్ గ్యాస్కెట్ పోయింది మేడమ్, ఇంజిన్ దింపాలి, 40 వేలవుతుంది" అన్నాడు. (హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ పైభాగానికీ కిందిభాగానికీ మధ్య, నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే పొర.) భర్త స్నేహితుడొకరు విశాఖలో క్యాచ్ క్యాన్ (ఆ పైపు దారిలో ఆయిల్‌ను పట్టే డబ్బా) పెట్టిస్తే 4 వేలతో సరిపోతుందన్నారు. మరిదేమో ఆ పైపు ఊడదీసి కిందకు వదిలేయమన్నాడు. భర్త మాట ఇంకోటి: "మూత శుభ్రంగా తుడిచి అమ్మేద్దాం, లక్షా ఇరవై వేలకు అడుగుతున్నారు." ఈ సంగతి ఫోన్లో విన్న మావయ్యగారు ఒకే మాట అన్నారట: "నా చేతిలో 12 ఏళ్ళున్న బండి. నీకిచ్చి ఒక్క చలికాలం కాలేదు."

సంక్రాంతికి ఆయన పాడేరు వస్తున్నారు. "బండి నిజంగా నేనే పాడుచేశానా? చేసుంటే ఒప్పుకుంటాను. ఆయన వచ్చేలోపు ఏం చెయ్యాలి, వచ్చాక ఏం చెప్పాలి?" ఇదీ ప్రశ్న.

టీచర్‌గారూ,

ముందు కాస్త నిద్రపట్టే మాట చెబుతాను. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే హెడ్ గ్యాస్కెట్ పోయిన లక్షణాలు నాకు కనబడటం లేదు. బండిని చూడకుండా ఒట్టేసి చెప్పలేను. అయితే 40 వేలు పెట్టి ఇంజిన్ దింపేలోగా చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో సగం మీ ఇంటి ముందే, పైసా ఖర్చు లేకుండా తేలిపోతాయి.

మీరు మూడో పేజీ చివర మామూలుగా రాసేసిన నాలుగైదు సంగతులున్నాయి. నాకు ఉత్తరం మొత్తంలో అవే ముఖ్యం. ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, సీసాలో దాని మట్టం దసరా నుంచీ ఒకేచోట ఉంది. ఆయిల్ మట్టం చూసే పుల్ల, డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా ఉంది, మీగడ లేదు, మట్టం మాత్రం పైగీత దాటి ఉంది. మైలేజీ 17 నుంచి 11కి పడింది. ఎవరో చెప్పారని రోజూ బయల్దేరేముందు పావుగంట ఇంజిన్ ఆన్‌లో ఉంచుతున్నారు. ఇంకోటి, మీరు మావయ్యగారి గొప్పగా రాసిన మాట: "ఇది అసలు వేడెక్కని బండి. 2019 ఎండల్లో ఒకసారి నీళ్ళు మరిగాయి, అప్పుడు ఏదో వాల్వు తీయించేశారట. అప్పట్నుంచి ఇంజిన్ వేడి చూపించే ముల్లు సి (చల్లన) అక్షరం దగ్గర్నుంచి పెద్దగా లేవదు." ఈ చివరి మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఆ మీగడ ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

మీరు సైన్సు చెబుతారో తెలుగు చెబుతారో రాయలేదు. సైన్సైతే ఇది మీకు కొత్త కాదు: పెట్రోలు కాలినప్పుడు అందులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇందులో చాలావరకు ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. చలిపొద్దుల్లో సైలెన్సర్ చివర చుక్కలు కారడం చూసే ఉంటారు, అదే ఇది. కొద్దిభాగం మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కింద ఆయిల్ ఉండే చాంబర్లోకి దిగుతుంది. దాంతోపాటు కాలని పెట్రోలు ఆవిరి, మసి కూడా దిగుతాయి. కొత్త ఇంజిన్లోనూ ఇది జరుగుతుంది. ఏ రింగూ నూటికి నూరుపాళ్ళు మూసి ఉంచలేదు.

దిగిన గాలికి దారి చూపించకపోతే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ళను తోసేస్తుంది. పాతకాలం కార్లలో ఒక గొట్టం పెట్టి నేరుగా రోడ్డుమీదకు వదిలేసేవారు. కాలిఫోర్నియాలో పొగమంచు కాలుష్యం గొంతుమీదకొచ్చాక, అక్కడమ్మే 1961 మోడల్ కార్ల నుంచి ఆ గాలిని మళ్ళీ ఇంజినే పీల్చి కాల్చేసుకునే ఏర్పాటు పెట్టారు. మెకానిక్కులు పీసీవీ వాల్వ్ అనేది దాన్నే. మీ వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఏం చేస్తుందో ఇంజిన్లో ఇది అదే చేస్తుంది. ఫిల్టర్ దాటిన మంచిగాలి ఒక పైపులోంచి టాపెట్ కవర్లోకి (ఇంజిన్ పైన ఉండే మూత) వస్తుంది, లోపలి ఆవిరినీ ఆయిల్ తుంపరనూ కలుపుకుని ఇంకోవైపున్న వాల్వు గుండా ఇంజిన్ పీల్పుకు పోతుంది. వంటింటి ఫ్యాన్ రెక్కల మీద ఏడాదికోసారి గీకాల్సినంత జిడ్డు పేరుకుంటుంది కదా, ఈ పైపుల్లోనూ అంతే. కొంత ఆయిల్ తడి ఉండటం సహజమే. కారేంత ఉంటే మాత్రం ఫ్యాన్ సరిగా తిరగడం లేదని అర్థం.

ఇక మీగడ. అన్నం గిన్నె మీద మూత ఎత్తితే లోపలివైపు నీటిచుక్కలు ఉంటాయి. గిన్నెలోకెల్లా చల్లగా ఉండేది మూతే కాబట్టి ఆవిరి అక్కడ నీరవుతుంది. ఇంజిన్లో ఆయిల్ మూత కూడా అంతే, అన్నింటికంటే పైన, అన్నింటికంటే చల్లగా ఉంటుంది. అక్కడ చేరిన నీరు, ఎగిరిపడే ఆయిల్ కలిసి చిలికితే మజ్జిగ మీద వెన్నలా అవుతుంది. బండి చాలినంత వేడెక్కితే ఈ నీరు మళ్ళీ ఆవిరై వాల్వు గుండా పోయేది. మీ బండికి ఆ వేడే అందడం లేదు.

మామూలుగా కూలెంట్ వేడెక్కడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే ఎక్కువ సమయం కావాలి, పావుగంటో ఇరవై నిమిషాలో రోడ్డుమీద తిరగాలి. మీ ప్రయాణం ఐదు నిమిషాలు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో, పది డిగ్రీల లోపుకు పడిపోయే డిసెంబరు పొద్దుల్లో. మావయ్యగారి ప్రయాణమో, అనకాపల్లి నుంచి విశాఖ దాకా హైవే మీద, ఆ ఉక్కలో, గంటసేపు. రోజూ పొద్దున ఇంజిన్‌లో చేరిన నీరు రోజూ అదే పొద్దున ఆవిరైపోయేది. ఆయన చేతిలో ఈ మీగడ ఎందుకు పట్టలేదో, మీ చేతిలో ఎందుకు పట్టిందో సగం ఇక్కడే తేలిపోయింది. మిగతా సగం ఆ తీయించేసిన వాల్వు.

ఆ వాల్వు పేరు థర్మోస్టాట్. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు కూలెంటును రేడియేటర్ వైపు పోనివ్వకుండా ఆపి, ఎనభై తొంభై డిగ్రీల దగ్గర తెరుచుకునే చిన్న తలుపు. మన దగ్గర బండి మరిగితే ముందు దాన్ని పీకి పారేయడం చాలా గ్యారేజీల్లో అలవాటు. "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అంటారు. ఈ మాట మా ఇంట్లో పాత బండికీ చెప్పారు, మేమూ తలూపాం. తీసేస్తే కూలెంట్ మొదటి నిమిషం నుంచే రేడియేటర్ చుట్టూ తిరుగుతూ ఇంజిన్ను చల్లార్చేస్తూ ఉంటుంది. అనకాపల్లి హైవేలో ఆ లోటు అంతగా తెలియలేదు. పాడేరు మంచులో, రెండు కిలోమీటర్లలో, ఇంజిన్ ఎప్పటికీ పని వేడికి చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. మైలేజీ 11కి పడింది అందుకే. ఆ ఎక్కువైన పెట్రోల్లో కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం ఎవరూ పోయకుండానే పైగీత దాటింది అంటే నాకు ఆ అనుమానమే వస్తోంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన కొడితే ఆ ఆయిల్ మీద ఇంక ఒక్క వారం కూడా నడపకండి.

బయల్దేరేముందు పావుగంట ఆన్‌లో ఉంచడం మీరు మంచికనుకుని చేసిందే. దానివల్ల మేలు లేదు, కీడే ఎక్కువ. నిలబడి ఉన్న ఇంజిన్ మీద బరువు లేదు, వేడి నెమ్మదిగా పుడుతుంది, ఆలోపు పెట్రోలు, దాంతో నీరు లోపలికి దిగుతూనే ఉంటాయి. స్టార్ట్ చేసి అరనిమిషమో నిమిషమో ఆగి, మెల్లగా బయల్దేరి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు గట్టిగా తొక్కకుండా పోతే చాలు. (మీ దారి అక్కడికే అయిపోతుందనుకోండి.)

కాబట్టి "నేనే పాడుచేశానా" అన్నదానికి నా సమాధానం: బండిని మీరు వాడిన తీరు అది తయారైన పనికి సరిపోలేదు, కానీ సగం పని అంతకు ముందే జరిగి ఉంది. ఆయిల్ చివరిసారి మార్చింది కిందటేడాది అక్టోబరులో అని రాశారు. 3 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు కదా అని మీరు ఊరుకున్నారు. ఇది మాత్రం మీ పొరపాటే. కార్లతో ఇచ్చే పుస్తకాల్లో చిన్నచిన్న దూరాలు తిరిగే బండిని కఠినమైన వాడకం కింద లెక్కేస్తారు, ఆయిల్ గడువు దాదాపు సగానికి తగ్గిస్తారు. తక్కువ తిరిగిన బండికి ఆయిల్ త్వరగా మార్చాలంటే వింతగా ఉంటుంది కానీ మీ బండి విషయంలో అదే నిజం. ఆర్నెల్లకోసారి మార్చండి, కిలోమీటర్లు చూడొద్దు.

ఇప్పుడు ఈ ఆదివారం చెయ్యాల్సిన పని. పొద్దున్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూడండి, సీసా మీద మార్కర్‌తో గీత పెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు. తర్వాత ఓ అరగంట అరకు రోడ్డు వైపు తిరిగి రండి. వచ్చాక ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, కొంగు నడుముకు గట్టిగా దోపుకుని, ఆయిల్ మూత తీసి ఆ నోటి మీద పల్చటి కాగితం పెట్టండి. కాగితం మెల్లగా లోపలికి అతుక్కుంటే పీసీవీ పీలుస్తోంది. పైకి ఎగిరిపోతే లోపల ఒత్తిడి ఉంది. అంటే వాల్వో పైపో మూసుకుపోయి ఉండాలి, లేదా రింగులు అరిగి గాలి మరీ ఎక్కువ దిగుతూ ఉండాలి. మూత తీసినప్పుడు ఇంజిన్ కాస్త తడబడితే భయపడకండి, చాలా కార్లు అలాగే చేస్తాయి. ఇంజిన్ ఆపేసి చల్లారాక, పీసీవీ వాల్వు విడిగా ఊడే రకమైతే చేత్తో ఊపి చూడండి. లోపలి పిన్ను టకటక కొట్టుకుంటే కదులుతోందని. నిశ్శబ్దంగా ఉంటే జిగురుపట్టి బిగుసుకుపోయిందని.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఆయిల్ ఎలా చేరిందన్నదానికి నా ఊహ ఇదే. వాల్వు బిగుసుకుపోతే లోపలి గాలికి సరైన దారి ఉండదు. అది మంచిగాలి రావాల్సిన బ్రీదర్ పైపులోంచి వెనక్కి తిరిగి ఫిల్టర్ వైపు వస్తుంది, తనతో ఆయిల్‌నూ నీటినీ మోసుకొస్తుంది. మీరు చూసిన పసుపురంగు నీళ్ళు అవే. ఆయిల్ మట్టం గీత దాటి ఉండటం దీనికి ఇంకాస్త తోడై ఉంటుంది.

హెడ్ గ్యాస్కెట్ నిజంగా పోతే ఏం కనబడాలి? కూలెంట్ నెలనెలా తగ్గాలి. మీగడ మూతకే పరిమితం కాకుండా డిప్‌స్టిక్ మీద, కింద చాంబర్ ఆయిల్లో కూడా పాలు కలిసినట్టు ఉండాలి. బండి వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ దట్టంగా వస్తూనే ఉండాలి, కూలెంట్ సీసాలో బుడగలు రావాలి. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు. ఇంకా అనుమానం ఉంటే కూలెంట్లో పొగ కలుస్తోందా అని చూసే నీలిరంగు ద్రవం పరీక్ష ఉంది. పొగ తగిలితే అది పసుపుపచ్చకు మారుతుంది. కూలింగ్ వ్యవస్థకు ప్రెషర్ పెట్టి చూడటం ఇంకో పద్ధతి. విశాఖలో పెద్ద గ్యారేజీల్లో ఇవి చేస్తారు. మీ మెకానిక్ మోసగాడని నేననను. మూత కింద తెల్లగా కనబడగానే గ్యాస్కెట్ అనుకోవడం ఈ పనిలో ఉన్న చాలామందికి అలవాటు. "ఇంజిన్ దింపే ముందు గ్యాస్కెట్ పోయిందని నాకు చూపించు" అని అడగండి. ఆ మాటకు ఆయనిచ్చే జవాబును బట్టి ఆయన దగ్గరే చేయించాలో వద్దో మీకే తెలిసిపోతుంది.

మీకొచ్చిన సలహాల్లో మరిది చెప్పింది అస్సలు చేయకండి. పైపు ఊడదీసి వదిలేస్తే మొదటివారం బాగున్నట్టే ఉంటుంది, ఫిల్టర్ పొడిగా ఉంటుంది. ఆ తర్వాత ఫిల్టర్ కాని దుమ్ము నేరుగా ఇంజిన్లోకి పోతుంది, లెక్కకు రాని గాలి కలిసి ఇంజిన్ తడబడుతుంది, ఆ విషపు ఆవిరి మీ పాప కూర్చునే బండి కిందనుంచే బయటికొస్తుంది. పిల్లికూతల పాప ఉన్న ఇంట్లో ఇంకేం చెప్పాలి.

క్యాచ్ క్యాన్ చెడ్డ వస్తువేం కాదు. ఆ ఆవిరిని దారిలో ఒక డబ్బాలో పట్టి, నీటినీ ఆయిల్‌నూ అక్కడ ఆపుతుంది. ఇప్పటి టర్బో బండ్లలో, పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఇంజిన్లలో దానివల్ల ఉపయోగం ఉంది. వాటిలో గాలి లోపలికొచ్చే వాల్వుల వీపులను కడగడానికి పెట్రోలు తగలదు కాబట్టి మసి గట్టిగా పట్టేస్తుంది. మీ 2012 బండిలో పెట్రోలు వాల్వుల వెనకే పడుతుంది, అక్కడ కడుగుడు దానంతటదే జరుగుతుంది. పైగా ఆ డబ్బాను మీరు గుర్తుపెట్టుకుని ఖాళీ చేయాలి. మీ వాడకానికి చలికాలంలో పదిరోజులకోసారైనా చూడాలి. మర్చిపోతే నిండి పొంగిపోతుంది. అసలు రోగం వేడి చాలకపోవడమైతే డబ్బా పెట్టడం కారే కప్పు కింద బకెట్ పెట్టినట్టే. పెట్టించుకుంటానంటే వద్దనను, మొదటి ఖర్చు మాత్రం దానిమీద పెట్టకండి.

నేనైతే ఏం చేయిస్తానో చెబుతాను. థర్మోస్టాట్ కొత్తది, పీసీవీ వాల్వు కొత్తది, గట్టిపడిన బ్రీదర్ పైపులు కొత్తవి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది (ఆయిల్ తాగిన ఫిల్టర్‌ను గాలికొట్టి మళ్ళీ పెట్టనివ్వొద్దు), థ్రాటిల్ (ఇంజిన్లోకి గాలి వెళ్ళే తలుపు) దగ్గర జిడ్డు శుభ్రం, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్. అన్నీ కలిపినా 40 వేలకు చాలా దూరంలో ఉంటుంది, ఐదారు వేల చుట్టుపక్కల తేలొచ్చు. కొన్ని మోడళ్ళలో పీసీవీ వాల్వు టాపెట్ కవర్‌లోనే కలిసి వస్తుంది, అప్పుడు కవరంతా మార్చాలి, ఖర్చు కాస్త పెరుగుతుంది. ముందే అడగండి. "ఇంజిన్ ఫ్లష్ పోద్దాం" అంటే ఒప్పుకోకండి. పాత బండిలో పేరుకున్న మడ్డి ఒక్కసారిగా ఊడి కింద ఆయిల్ పీల్చే జల్లెడకు అడ్డం పడితే అసలుకే మోసం. అంతకంటే ఇప్పుడొకసారి ఆయిల్ మార్చి, రెండు నెలలు తిరిగాక మళ్ళీ మార్చండి. మడ్డి మెల్లగా దానితోనే పోతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. 2019లో బండి ఎందుకు మరిగింది? థర్మోస్టాట్ మూసుకుపోయి బిగుసుకోవడం వల్లే అయితే కొత్తది పెడితే సరి. రేడియేటర్ పూడుకుపోవడం వల్లో, ఫ్యాన్ తిరగకపోవడం వల్లో, కూలెంట్ బదులు నల్లా నీళ్ళు పోసి తుప్పు పట్టడం వల్లో అయితే ఆ రోగం ఇన్నేళ్ళూ దాక్కునే ఉంది. థర్మోస్టాట్ పెట్టిన మరుసటి మే నెలలో వడ్డాది నుంచి ఘాట్ ఎక్కుతుంటే బయటపడుతుంది. అందుకని అది బిగించే రోజే రేడియేటర్ కడిగించి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూపించుకుని, మంచి కూలెంట్ పోయించండి. ఈ ఒక్క పని వదిలేసి థర్మోస్టాట్ మాత్రమే పెట్టించడం కంటే ఏమీ చేయకపోవడమే నయం అనిపిస్తుంది నాకు.

ఇవన్నీ అయ్యాక వారానికోసారి పాపతో పాతిక ముప్ఫై కిలోమీటర్లు తిరగండి. ఒక నెల పోయాక మూత తీస్తే చలిపొద్దుల్లో పల్చటి తెల్లపొర ఇంకా కనబడొచ్చు. అది పర్వాలేదు, తుడిచేయండి. వెనకటంత దళసరిగా మళ్ళీ పట్టినా, కాగితం ఇంకా ఎగిరినా, అప్పుడు సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే కంప్రెషన్ చెక్ చేయించాలి. ఇంకోటి, చోడవరం వైపు ఘాట్ దిగాక మళ్ళీ యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో వెనక నీలంపొగ గుప్పున వస్తోందేమో పాపను వెనక్కి తిరిగి చూడమనండి. దిగుతున్నంతసేపు ఇంజిన్ గట్టిగా పీలుస్తుంది, ఆయిల్ ఎక్కడినుంచి లోపలికి జారుతున్నా అక్కడే బయటపడుతుంది. పీసీవీ వాల్వు కొత్తది వేశాక కూడా వస్తుంటే రింగులో వాల్వు సీళ్ళో అరిగినట్టు. అక్కడికి చేరితే పెద్ద ఖర్చే, అప్పుడు అమ్మడం గురించి మీవారి మాట మళ్ళీ వినొచ్చు.

అమ్మడం తప్పు కాదు. రోజుకు నాలుగు కిలోమీటర్ల మనిషికి పెట్రోల్ కారే అక్కర్లేదు, కరెంటు బండికి ఈ గొడవలేవీ ఉండవు, ధర ఒక్కటే గొడవ. కానీ మూత తుడిచి అమ్మడం మాత్రం నాకు నచ్చలేదు. ఒకటి, పాత కార్లు కొనేవాళ్ళు ముందు చూసేది ఆ మూత కిందే. అది మెరుస్తుంటే ఇంకా అనుమానిస్తారు. రెండు, 40 వేలు ఖర్చవుతుందేమోనని మీరు భయపడుతున్న బండిని ఏమీ లేదని చెప్పి ఎదుటి మనిషికి అంటగట్టడం అన్యాయం. బాగుచేయించి, బిల్లులు చూపించి అమ్మితే రేటు పెద్దగా పడిపోదు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే పది పదిహేను వేలు తగ్గొచ్చు. ఆ రెండింటిలో మీ ఇష్టం.

ఇక మావయ్యగారు. ఆయనకు మీరు చెప్పాల్సిన నిజంలో ఒక ముల్లుంది, అది ఆయనకే గుచ్చుకుంటుంది: థర్మోస్టాట్ తీయించింది ఆయనే. మీవారితో చెప్పించొచ్చు. అప్పుడది తండ్రీకొడుకుల మధ్య మాటామాటా అవుతుంది, పండగ పూట పెద్దగొంతులు మీరే వినాలి. ఎవరికీ చెప్పకుండా అన్నీ మార్పించేసి ఊరుకోవచ్చు. ఆయన మూత తీసి చూసి "చూశావా, నే చెప్పాక జాగ్రత్తగా నడిపావు" అంటారు, మీరు మింగుతారు. మింగగలరా అన్నది మీకే తెలియాలి. పైగా అంత లెక్కలు రాసుకునే మనిషికి కొత్త థర్మోస్టాట్ సంగతి ఒకరోజు తెలియకపోదు.

నాకు తోచిన ఇంకో దారి ఆ నోటుపుస్తకం. ఈలోపే ఫోన్ చేసి, "మావయ్యగారూ, 2019లో బండి మరిగినప్పుడు ఏం చేయించారో మీ పుస్తకంలో చూసి చెబుతారా, ఇక్కడ చలికి ఇంజిన్ వేడెక్కడం లేదంటున్నారు" అని అడగండి. ఆ పేజీ ఆయనే తిప్పుతారు, తేదీ ఆయనే చదువుతారు. మీరు నేరం మోపలేదు, ఆయన చేతికి పని ఇచ్చారు. ఆయిల్ మార్చకపోవడం మీ పొరపాటని అదే ఫోన్లో ముందు మీరే చెప్పేస్తే ఆయనకు తనవంతు ఒప్పుకోవడం కాస్త తేలికవుతుంది. ఒప్పుకోకపోవచ్చు కూడా. పాతకాలం మనుషుల్లో చాలామంది మాటతో ఒప్పుకోరు, మర్నాడు పొద్దున చెప్పకుండా స్పేర్ పార్ట్ కొనుక్కొస్తారు. ఆయన ఏ రకమో నాకు తెలియదు, మీకు తెలుసు. కళ్ళు సహకరించక ఇష్టమైన బండి వదులుకున్న మనిషి మొదటి ఆర్నెల్లూ కాస్త చిరాకుగానే ఉంటారు. ఆ చిరాకంతా మీమీదే అనుకోకండి.

ఇంకో చిన్న సంగతి, మర్చిపోకుండా. థర్మోస్టాట్ పెట్టించాక ఆ ముల్లు ఎప్పుడూ లేనట్టు పైకి లేచి, మధ్యదాకా వచ్చి అక్కడ నిలబడుతుంది. ఉండాల్సిన చోటు అదే. సంక్రాంతికి ఆయన పక్కసీట్లో కూర్చునేముందే ఈ ముక్క చెప్పండి. లేకపోతే ఐదేళ్ళుగా లేవని ముల్లు లేచేసరికి బండి మరిగిపోతోందని ఘాట్ మధ్యలో ఆపించేస్తారు.